'రా' : ఒక్క అక్షరపు ముచ్చట

తెలుగింట పుట్టిన బిడ్డకు తొలుత పరిచితములగు మాటలలో 'రా' యొకటి. తల్లి చేతులు చాచి 'రా' అనును. బిడ్డ తప్పటడుగులు వేయుచు ముందునకు నడచును. ఆ బిడ్డయే కొంతకాలమునకు బడిలో చేరి, 'వచ్చెను, వచ్చుచున్నది, వచ్చును' అని క్రియారూపములు వల్లించును. 'వచ్చు' అను ధాతువునందు రేఫము లేదు. 'రా' అను పిలుపునందు వకారము లేదు. ఈ రెండును ఒకే క్రియకు రూపములెట్లయినవని బుద్ధిమంతుడగు విద్యార్థి అడిగినచో ఉపాధ్యాయుడు చెప్పవలసిన సమాధానమేమి? 'వచ్చు'నకు కొన్నియెడల 'రా' ఆదేశమగునని వ్యాకరణము చెప్పును. ఆదేశమనగా ఒకదాని చోట మరియొకటి వచ్చుట. వచ్చినమాట నిజమే; ఎక్కడినుండి వచ్చినదో తెలిసిననే గాని ఆ విద్యార్థికి తృప్తి కలుగదు.

ఈ ఒక్క అక్షరపు పుట్టుపూర్వోత్తరములను వెదకబోయినచో పండితుల గ్రంథములతోపాటు పల్లెల పలుకుబడియు కావలసివచ్చును. అందులకు తగిన మజిలీ ఇబ్రహీంపట్నము.

మూడు ఇబ్రహీంపట్నములు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో, నగరమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము కలదు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేర వెలసిన ఊరిది. ఊరిచెంతనున్న పెద్దచెరువు ఆతని కాలపునాటిదే. తెలుగు కవులు ఈ సుల్తానును ప్రేమతో మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఈతనికే అంకితమొసగెను.

ఇదే పేరుగల ఊరు జగిత్యాల జిల్లాలో మరియొకటి కలదు. విజయవాడ చెంత, కృష్ణాతీరమున, నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఇంకొకటి కలదు. పేరొక్కటే, పలుకుబడులు మూడు. ఒక బాలుడు బడికి వచ్చిన సంగతిని రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమున 'పిలగాడు వచ్చిండు' అందురు. జగిత్యాల వైపున 'పోరగాడు అచ్చిండు' అని వినవచ్చును. కృష్ణాతీరపు ఇబ్రహీంపట్నమున 'పిల్లాడు వచ్చాడు' అందురు. మూడును 'వచ్చినవాడు' అను ప్రాతమాటకు సంతానమే. 'వచ్చినవాడు' కుంచించుకొని 'వచ్చినాడు' అయినది. కోస్తాలో ఆ నకారము జారి 'వచ్చాడు' అయినది. తెలంగాణములో నకారము నిలిచి, దాని తరువాతి దీర్ఘము జారి 'వచ్చిండు' అయినది. రాయలసీమ వారు నేటికిని 'వచ్చినాడు' అనియే పలుకుచున్నారు.

ఇక అదే బాలుని పిలువవలసి వచ్చినప్పుడు వింత యొకటి కనబడును. మూడు ఊళ్లలోను వానిని 'రా' అనియే పిలుతురు. వాడు బడికి రాకున్నచో ఒకచోట 'రాలే' అందురు, మరియొకచోట 'రాలేదు' అందురు. 'రా' మాత్రము కదలదు. బడికి వచ్చుట కొరకనునపుడు రంగారెడ్డి జిల్లాలో 'రానీకి' అందురు, కృష్ణాతీరమున 'రావడానికి' అందురు. అచ్చటను 'రా' చెక్కుచెదరదు. పలువురిని గౌరవముతో పిలుచునపుడు తెలంగాణములో 'రాండ్రి', రాయలసీమలో 'రాండి', కోస్తాలో 'రండి', కావ్యములలో 'రండు'. తోక మారినది, దీర్ఘము తగ్గినది. తలయందలి రేఫము తప్పలేదు. 'వచ్చు' ఊరూరికి రూపు మార్చుకొనుచుండగా 'రా' ఇంత స్థిరముగా నిలుచుటకు కారణమేమి?

వకారము పోయిన త్రోవ

తెలుగు, తమిళము, కన్నడము మొదలగునవి సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, అవి తమలో తాము ఒక కుటుంబమనియు 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపెను. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ ఆ కుటుంబమునకు ద్రావిడమను పేరుతో తులనాత్మక వ్యాకరణము వ్రాసెను. తెలుగు ధాతువుల చరిత్రను శాస్త్రీయముగా విడమరచి చెప్పిన గ్రంథము ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారిది. అది 1961లో వెలువడినది. 1928లో జన్మించి 2012లో కీర్తిశేషులైన ఆ ఆచార్యులు ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము బోధించిరి.

ఈ పెద్దలు చూపిన మార్గమున 'రా' కథ ఇట్లు సాగును. తమిళుడు 'వా' అని పిలుచును. వచ్చుటను 'వరు' అను ప్రకృతితో చెప్పును. కన్నడిగుడు 'బా' అని పిలుచును. వచ్చుటను 'బరు' అనును. తమిళమున వకారమున్న చోట కన్నడమున బకారముండుట ఈ యొక్క మాటయందే కాదు. తెలుగు తమిళములలో 'వేరు' కన్నడమున 'బేరు'. తెలుగు 'విత్తు' కన్నడమున 'బిత్తు'. ఇట్టి క్రమబద్ధమగు సంబంధమే చుట్టరికమునకు సాక్ష్యము. కావున మూలభాషయందు 'వర్' వంటి ధాతువుండెనని పండితులు నిర్ణయించిరి.

తెలుగునకు ప్రాచీనకాలముననే ఒక అలవాటు పట్టుబడినది. మాట మొదట అచ్చును, దాని వెనుక రేఫమో లకారమో ఉన్నచో, ఆ రెండును స్థానములు మార్చుకొనును. దీనికి వర్ణవ్యత్యయమని పేరు. తమిళుల 'ఇరండు', కన్నడిగుల 'ఎరడు' తెలుగున 'రెండు' అయినది. తమిళుల 'ఉరల్' తెలుగున 'రోలు' అయినది. వారి 'ఇల్లై' మనకు 'లేదు'. వారి 'ఉళ్' మనకు 'లో'. 'అవన్' అనునది 'వాడు' అయినది. ఆదిలాబాదు అడవులలోని గోండులును రెండును 'రండ్' అందురు. ఈ అలవాటులో వారు తెలుగువారికి తోడు. హల్లుతో మొదలగు మాటలలోను ఈ మార్పు జరిగినది. తమిళ 'మరం' తెలుగున 'మ్రాను'. తమిళ 'విరల్' తెలుగున 'వ్రేలు'. ఆ వరుసలోనే 'వర' అనునది 'వ్రా' అయి, మొదటి వకారము జారిపోగా 'రా' మిగిలినది. 'వ్రా' అనునది పండితులు పునర్నిర్మించిన రూపము. దానికి ముందును వెనుకను ఉన్న మెట్లు చూచినచో నడుమ ఆ మెట్టు ఉండక తప్పదు.

కాబట్టి విద్యార్థి ప్రశ్నకు సమాధానము దొరకినది. ఒకే ధాతువు రెండు పాయలుగా చీలినది. వకారమును నిలుపుకొన్న పాయ 'వచ్చు'. రేఫమును నిలుపుకొన్న పాయ 'రా'. వచ్చి, వచ్చిన, వచ్చుచు అనునవి మొదటి పాయవి. రాక, రాదు, రాగా, రావలెను, రాబడి, రాకపోకలు అనునవి రెండవ పాయవి. ఆదేశమనిన మాట వెనుక ఇంత ప్రయాణము దాగియున్నది.

ఇచ్చట ఉపాధ్యాయులు గమనింపవలసిన విషయమొకటి కలదు. జగిత్యాల బాలుడు 'అచ్చిండు' అనినచో ఇతర ప్రాంతముల పిల్లలు నవ్వుదురు, పెద్దలును నవ్వుదురు. మొదటి వకారము మింగినాడని వాని నేరము. మరి 'రా' అను కావ్యభాషారూపము చేసినదేమి? అదియు మొదటి వకారమును మింగినదే. ఒకటి సంయుక్తాక్షరమున జరిగినది, మరియొకటి అచ్చునకు ముందు జరిగినది. ఒకటి వేయేండ్లకు పైబడినది, మరియొకటి దానికి తరువాతిది. అంతకుమించి భేదము లేదు. ప్రాతబడిన మార్పును శిష్టమనియు, చెవికి క్రొత్తయగు మార్పును తప్పనియు మనము పేరు పెట్టుకొంటిమి. నవ్వువానికి ఈ సంగతి తెలియదు. నవ్వులపాలైన పసివానికిని తెలియదు. వాడు మరునాటినుండి తరగతిలో నోరు మెదపకుండుటయే ఆ నవ్వునకు ఫలము.

ఒకే యింటికి నాలుగు వాకిళ్లు

తెలుగున 'రా' అను ధ్వనితో మొదలగు మాటలన్నియు పిలుపునకు చుట్టములు కావు. వేరువేరు మూలములనుండి బయలుదేరిన మాటలు ఒకే ధ్వనియొద్దకు వచ్చి చేరినవి.

తెలంగాణపు పలుకుబడిలో 'రాసిండు' అను మాట తీసికొందము. 'ఉత్తరం రాసిండు' అనినచో లిఖించెనని అర్థము. 'గాయానికి మందు రాసిండు' అనినచో పూసెనని అర్థము. వినుటకు ఒక్కటే, పుట్టుకలు రెండు. లిఖించుట ప్రాచీన తెలుగున 'వ్రాయు'. దీనికి కన్నడమున 'బరె', తమిళమున 'వరై' చుట్టములు. పిలుపునందలి 'రా' పోయిన త్రోవనే ఇదియు పోయి 'రాయు' అయినది. పూయుట, ఒరయుట అను అర్థమున్న 'రాచు' వేరు. దానికి నూరుట యను అర్థమున్న తమిళ 'అరై', కన్నడ 'అరె' చుట్టములు. రెండు వస్తువులు రాచుకొనినపుడు కలుగు 'రాపిడి' ఈ రెండవదాని సంతానము.

శిలయను అర్థమున్న 'రాయి' మూడవది. ప్రాత తెలుగున ఇది 'ఱాయి'. కన్నడమున 'అఱె', తమిళమున 'అఱై' అను మాటలు దీనికి తోడు. ఈ 'ఱ' ను బండి ఱ యనియు, శకటరేఫమనియు అందురు. తొల్లి ర, ఱ లకు ఉచ్చారణయందు స్పష్టమగు భేదముండెడిది. కాలక్రమమున ఆ భేదము నోటినుండి జారిపోయి కాగితముపై మాత్రము మిగిలినది. 1656లో కాకునూరి అప్పకవి తన లక్షణగ్రంథమున ఏ మాటలలో లఘురేఫము, ఏ మాటలలో అలఘురేఫము వ్రాయవలెనో పట్టికలు చేసి చెప్పవలసివచ్చెను. చెవికి తెలియునపుడు పట్టికతో పనియేమి? నేటి పుస్తకములలో ఆ అక్షరము వర్ణమాలకు అలంకారముగా నున్నది; ఇతరత్ర అరుదు. అది పోయినందున 'రా'లో పిలుపును, 'రాయి'లో శిలయు ఒకే రేఫముతో మొదలయినట్లు కనబడుచున్నవి.

నాలుగవది రాజును చెప్పు 'రా'. ఇది సంస్కృతమునుండి దిగివచ్చినది. 'రాజ' శబ్దము తెలుగు నోట నలిగి 'రాచ' అయినది. సమాసముల మొదట మరింత కుదించుకొని 'రా' అయినది. రాకొమరుడనగా రాజపుత్రుడు, రాయంచ యనగా రాజహంస. ప్రాకృతపు బాటలో వచ్చిన 'రాయ' శబ్దము కృష్ణదేవరాయల పేరున నిలిచినది. దేశ్యమగు 'ఱేడు' మాత్రము తమిళ 'ఇఱై'కి చుట్టము. దానికి సంస్కృతముతో సంబంధము లేదు. ఇక నిప్పు 'రాజుకొనుట'లోని రాజు సింహాసనమెక్కు రాజు కాడని వేరుగ చెప్పనక్కరలేదు.

రాచకొండ రాళ్లు

ఇబ్రహీంపట్నమునకు తూర్పుగా పోయినచో రాచకొండ గుట్టలు కనుపించును. 14వ శతాబ్దిలో రేచర్ల పద్మనాయకులు ఈ కొండను రాజధానిగా చేసికొనిరి. రసార్ణవసుధాకరమను లక్షణగ్రంథమును సంస్కృతమున రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఈ వంశమువాడే. నేడు ఆ దుర్గము యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరియున్నది. అచ్చట చూపు సారించిన మేర రాళ్లే; కోటగోడలును సున్నపు అదుకు లేకుండ పెద్దపెద్ద రాళ్లను పేర్చి కట్టినవే.

ఆ గుట్టలను చూచిన విద్యార్థి ఇది రాతికొండయనియే రాచకొండయైనదని తలచినచో ఆశ్చర్యము లేదు. కంటికి కనబడునది రాయి. పేరున వినబడునది 'రా'. కాని 'రాయి' అను మాట సమాసమున 'రాతి' అగును, 'రాచ' కాదు. రాతిగోడ, రాతిబండ, రాతిచాప అందుము. 'రాచ' అనునది రాచబాట, రాచరికములలో వలె రాజసంబంధి. సింగభూపాలుని నాటి సంస్కృతమున ఈ దుర్గమును రాజాచలమనుటయు ఇందులకు నిదర్శనము. ఒక్క విభక్తిరూపము తెలిసినచో ఒక ఊరిపేరు తికమక తీరినది. వ్యాకరణము పరీక్షల కొరకే యను విద్యార్థికి ఇది మంచి ఉదాహరణము.

ఇబ్రహీం కుతుబ్ షా కాలముననే అమీనుఖానునకు అంకితముగా పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును రచించెను. పూర్తిగా అచ్చతెలుగున వ్రాయబడిన తొలికావ్యమది. అచ్చతెలుగు నియమమున 'రాజు' అను తత్సమము పనికిరాదు. 'రాచ' అను తద్భవము, 'ఱేడు' అను దేశ్యము పనికివచ్చును. ఆ కవికి ఏ మాట ఏ త్రోవను వచ్చినదో తెలిసియుండవలెను. లేనిచో కావ్యము సాగదు. మాట పుట్టుకను విచారించుట నిన్నమొన్నటి పాశ్చాత్యవిద్య మాత్రమే కాదని ఈ నేలయందే దృష్టాంతమున్నది.

కొరియాలో ఒక 'వా'

ఒక్క అక్షరమునందు ఇన్ని త్రోవలు కలియుట తెలుగునకే ప్రత్యేకము కాదు. తూర్పున సముద్రములకావల కొరియాదేశమున 'వా' అను అక్షరమొకటి కలదు. తల్లి బిడ్డను పిలుచునపుడు 'వా' అనును. అచ్చటను దానికి 'రా' అనియే అర్థము. 'ఓ' అను ధాతువునకు 'ఆ' చేరి 'వా' అయినది. అచ్చుతో ముగియు నామమునకు వెనుక చేర్చినచో అదే 'వా'కు 'మరియు' అని అర్థము. హల్లుతో ముగియు నామమునకు 'గ్వా' చేర్చుదురు. చైనానుండి వచ్చిన మాటలలో 'వా' అనగా ఇంటి పెంకు. ఆగ్నేయమున బూసన్ నగరమున్న గ్యొంగ్‌సంగ్ ప్రాంతపు మాండలికమున 'వా' అనినచో 'ఎందుకు?' అని అర్థము. రాజధానివారు దానిని 'వె' అందురు. కావున రాజధానినుండి వచ్చినవాడు బూసన్ వీథిలో 'వా?' అను ప్రశ్న విని, తన్ను రమ్మనుచున్నారని పొరబడుటకు అవకాశమున్నది.

తమిళుని 'వా'కును కొరియావాని 'వా'కును ఇంత పోలిక యుండుట చూచి, ఈ భాషలు బంధువులని చెప్పుటకు మనసు తొందరపడును. తొందరపడిన పెద్దలును కలరు. 1886లో కొరియాకు ఉపాధ్యాయుడుగా వెళ్లిన హోమర్ హల్బర్ట్ అను అమెరికను 1905లో కొరియా భాషకును ద్రావిడభాషలకును తులనాత్మక వ్యాకరణమే వ్రాసెను. భాషాశాస్త్రజ్ఞులు ఆ సిద్ధాంతమును నేడు అంగీకరించుట లేదు. కారణము సులభము. చుట్టరికమును నిర్ణయించునది ఒకటి రెండు మాటల పోలిక కాదు, వరుస తప్పని సంబంధము. తమిళ వకారమునకు కన్నడ బకారము వేరులోను, విత్తులోను, వ్రేలులోను వచ్చినట్లు, కొరియా మాటలకును తమిళ మాటలకును నడుమ అట్టి వరుస స్థాపింపబడలేదు. పైగా తమిళుని 'వా'లో వకారము ధాతువుననే యున్నది. కొరియావాని 'వా'లో అది ఓకారము ఆకారముతో కలిసినపుడు పుట్టినది. ఒకే పోలికగల ఇద్దరు బాటసారులు అన్నదమ్ములే కానక్కరలేదు. చూచుటకు ఏ పోలికయు లేని తెలుగు 'రా'యు కన్నడ 'బా'యు మాత్రము నిజముగా తోబుట్టువులు. ఈ విషయమును గ్రహించిన విద్యార్థి, చెవికింపగు ప్రతి పోలికను చరిత్రయని నమ్మడు.

ర, ఱ ల కథవంటిదియు కొరియాలో కలదు. నేటి ప్రామాణికభాషలో 'మల్' అనగా గుఱ్ఱము. 'మల్' అనగా మాట. 1446లో సెజోంగ్ రాజు తన ప్రజలకు క్రొత్తలిపిని ప్రకటించిన కాలమున ఈ రెండు మాటలలోని అచ్చులు వేరుగ నుండెను. నగరభాషయందు ఆ భేదము చెరిగిపోయినది. దక్షిణపు జేజూద్వీపమున గుఱ్ఱమును నేటికిని 'మొల్' వంటి ఉచ్చారణతో పలికెడి వృద్ధులు కలరు. ఆ ద్వీపపు పలుకుబడి అంతరించు ప్రమాదమున నున్నదని 2010లో యునెస్కో హెచ్చరించెను. మారుమూల పల్లెవాని నోట నిలిచినది రాజధానివాని పుస్తకమున నిలువలేదు. వెనుకబడినదనుకొన్న మాండలికమే ఒక్కొక్కప్పుడు భాషకు పాతబీరువా.

రారాదు

'రా'కు గల సంతతిలో అన్నిటికంటె చిత్రమైనది 'రాదు'. రాకపోవుటను చెప్పుటతో అది ఆగలేదు. 'వానికి ఈత వచ్చు' అనినచో తెలియునని; 'ఈత రాదు' అనినచో తెలియదని. విద్య మనలోనికి నడచి వచ్చునదియని తెలుగువాని భావన కాబోలు. 'చేయవచ్చును' అనినచో అనుమతి. 'చేయరాదు' అనినచో నిషేధము. ఇచ్చటను వచ్చు, రా అను రెండు పాయలే ఎదురెదురుగా నిలిచినవి.

ఇబ్రహీంపట్నము పరిసరములలో ఎవరైనను మొగమాటముతో గడపయొద్ద నిలిచినచో, ఇంటివారు 'లోపటికి రారాదు' అని పిలుతురు. పుస్తకములతో మాత్రమే పరిచయమున్నవాడు ఆ మాట విని వెనుదిరుగును. 'లోనికి రారాదు' అను ఫలకములు ఎన్నియో చదివినవాడు గదా. ఇంటివారి ఉద్దేశము మాత్రము 'రావచ్చును గదా, ఏల నిలిచితివి?' అని. 'జర చెప్పరాదు' అనినచో చెప్పుమని బ్రతిమాలుట. 'ఇంత తినరాదు' అనినచో తినుమని ఆప్యాయత. కోస్తాలోను 'చెప్పరాదూ' అని తుది సాగదీసి పలుకుట కలదు. 'చెప్పరాదా?' అను ప్రశ్నయందలి ప్రత్యయము జారి, ప్రశ్నించు కాకువు మాత్రము మిగిలిన రూపమిది. కాగితముపై గొంతు వినబడదు. కావున నిషేధమును ఆహ్వానమును ఒకే తీరుగ కనబడుచున్నవి.

గౌరవము సంగతియు ఇట్టిదే. 'ఏమిరా', 'పోరా' అనునపుడు తుదనున్న 'రా' చనువును గాని చిన్నచూపును గాని తెలుపు సంబోధన. అది పిలుపు 'రా' కాదు. రెండును కలిసినపుడు 'రారా' యగును. యజమాని సేవకుని రారా యనుట ఒక తీరు; స్నేహితుడు స్నేహితుని రారా యనుట మరియొక తీరు; త్యాగరాజస్వామి తన రాముని రారా యనుట వేరొక తీరు. తెలంగాణపు పల్లెలలో తల్లిదండ్రులను, తాతనవ్వలను ఏకవచనముతోనే 'రాయే అవ్వా', 'రా తాతా' అని పిలుచుట వాడుక. అందు అగౌరవము లేశమును లేదు. వరుసపేరులోనే గౌరవమంతయు ఇమిడియున్నది. అట్టి యింటినుండి వచ్చిన చిన్నవాడు తరగతిలో 'సారూ, ఇటు రా' అనినచో, కోపించుటకు ముందు ఉపాధ్యాయుడు ఒక్క నిమిషము యోచింపవలెను. వాడు తన తాతకిచ్చు గౌరవమునే గురువునకును ఇచ్చుచున్నాడు.

పల్లెపలుకులు శాస్త్రమునకు ముడిసరకులని పండితులు ఏనాడో గ్రహించిరి. గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు వ్యావహారికము కొరకు జీవితమంతయు పోరాడిరి. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము, వ్యవసాయదారుల మాటలను ఊరూర సేకరించి కూర్చినది. కృష్ణమూర్తిగారు దానికి సంపాదకులు. తెలుగుదేశమును పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలములుగా వారు విభజించినది ఇట్టి సామగ్రి ఆధారముననే. 1914లో జన్మించి 2002లో దివంగతులైన కాళోజీ నారాయణరావుగారు, ప్రజల పలుకుబడి బడిలోను పత్రికలోను తలయెత్తుకొని తిరుగవలెనని వాదించిరి. 2014లో తెలంగాణరాష్ట్రమేర్పడిన పిమ్మట వారి జన్మదినమగు సెప్టెంబరు 9వ తేదీ తెలంగాణ భాషాదినమైనది.

ఏడాదికొక దినము జరుపుకొనుట మంచిదే. తరగతి గదిలో జరుగవలసిన పని దానికంటె చిన్నది, కష్టమైనది. పరీక్షకు కావలసిన ప్రామాణికభాషను ఉపాధ్యాయుడు నేర్పక తప్పదు. అది లేనిదే విద్యార్థికి ఉన్నతవిద్య లేదు, ఉద్యోగము లేదు. 'అచ్చిండు' అని వ్రాసిన చోట 'వచ్చెను' అనియో 'వచ్చాడు' అనియో దిద్దుట గురువు ధర్మము. దిద్దునపుడు 'ఇది తప్పు' అనుటకు బదులు, 'మీ ఊరిమాట ఇది, పుస్తకపుమాట అది. రెండును ఒక తల్లి బిడ్డలే' అని చెప్పినచో, సిరాగుర్తు అదే యైనను బాలుని మనసునకు తగులు దెబ్బ తప్పును. ఆ పిమ్మట వానినే ఒక పనికి నియోగింపవచ్చును: వాని అవ్వ ఎవరిని ఎట్లు పిలుచునో, వచ్చుటకును రాకపోవుటకును ఏయే మాటలు వాడునో నాలుగు పంక్తులు వ్రాసికొని రమ్మనవచ్చును. బడి పిల్లలందరు తెచ్చిన పంక్తులను వరుసగ పేర్చినచో ఆ ఊరి 'రా' చరిత్ర అచ్చటనే సిద్ధమగును. ముందెన్నడును నోరు మెదపని బాలుడు ఆనాడు తరగతికి తెలియని మాటను తెలిపినవాడగును.

బడి గుమ్మమువద్ద తడబడుచు నిలిచిన అట్టి బాలునితో తెలంగాణపు గురువు అనదగిన మాట యొక్కటే: లోపటికి రారాదు!